నాలుగో చెక్క

ఆ చుట్టుపక్కల ఎవరు ఇల్లు మారాలన్నా ముందు తాళ్ళక్కకే కబురు వెళ్ళేది. ఆవిడకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది కాగితాల మీద తప్ప ఎవరి నోటా లేదు. మంచం కానీ, అద్దం బీరువా కానీ, ఆవిడ తాడు వేసి ముడి బిగించిందంటే బండి గుంతలో పడి లేచినా సరుకు వెంట్రుకవాసి కదలదు. ఆ పేరు అలా స్థిరపడింది. భర్త బండి నడిపేవాడు, బరువు ఎత్తేవాడు, మిగిలిన టైమంతా కబుర్లు చెప్పేవాడు. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు సగం ఏడుపు మొహాలతో ఉంటారు కదా, వాళ్ళను నవ్వించడం కూడా తన పనిలో భాగమే అనుకునేవాడు. ప్రతి బీరువానూ పెళ్ళికూతురు అనేవాడు. మెట్లు దిగేటప్పుడు, పెళ్ళికూతురు సిగ్గుపడుతోంది, కాస్త నెమ్మది అనేవాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ మాట కొన్ని వేలసార్లు విన్నది తాళ్ళక్క. విన్న ప్రతిసారీ నవ్వేది కాదు, అలాగని విసుక్కునేదీ కాదు.

వాళ్ళకు పిల్లలు లేరు. ఇంట్లో ఆయన తల్లి ఉండేది, డెబ్బై నాలుగేళ్ళ మనిషి, నోరు మూస్తే ఊపిరాడదేమో అన్నట్టు మాట్లాడేది. ఆ ముగ్గురితో పాటు బండి. దాన్ని మామగారు కొన్నాడు. నలభై ఆరేళ్ళ నాటి పికప్పు, గుండ్రటి దీపాలు, గాలి పూరించిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, ఒకప్పుడు ఆకుపచ్చ. వెనక తొట్టి అడుగు మాత్రం ఇనుము కాదు, చెక్క. పొడుగ్గా ఎనిమిది చెక్కలు పరిచి, రెండేసి చెక్కల మధ్య ఒక ఇనుప పట్టీ వేసి బోల్టులతో బిగించి ఉంటాయి. ఈ కాలపు బండ్లకు అలాంటి నేల రాదు.

ఎడమ నుంచి నాలుగో చెక్క మెత్తబడిందని భార్యాభర్తలిద్దరికీ తెలుసు. డ్రైవరు గది వెనక గోడ దగ్గర వాన నీళ్ళు నిలిచే చోటు అది. రెండేళ్ళ కిందట ఆయన దాని మీద రేకు ముక్క పరిచాడు. మేకులు అందించింది ఆవిడే. ఈ వానలు పోనీ, మొత్తం మార్చేద్దాం అన్నాడు. వానలు పోయాయి, మళ్ళీ వచ్చాయి, మళ్ళీ పోయాయి. పని మీద పని. రేకు ఉంది కదా అని ఇద్దరూ ఊరుకున్నారు.

ఒక మంగళవారం పొద్దున, రిటైరైన లెక్కల టీచరమ్మ ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఆఖరున బీరువా మిగిలింది. నిండు చెక్కది, తలుపంతా అద్దం. ఆయన తొట్టిలో నిలబడి పై అంచు పట్టుకుని వెనక్కి నడుస్తున్నాడు. ఆవిడ కింద నిలబడి రెండో అంచు మోస్తూ లోపలికి తోస్తోంది. బీరువా జానెడు బయటికే ఉంది, వెనక తలుపు పడదు.

"ఇంకొంచెం వెనక్కి," అన్నది తాళ్ళక్క.

ఆయన ఇంకొంచెం వెనక్కి వేశాడు. రేకు వంగి, కింద చెక్క విరిగి, కాలు మోకాలిదాకా దిగబడింది. మనిషి వెల్లకిలా పడ్డాడు. తల ఇనుప కమ్మీకి తగిలింది, బీరువా బరువంతా గుండెల మీదికొచ్చింది. అద్దం మాత్రం పగల్లేదు. ఆస్పత్రి మెట్ల దగ్గరికి చేరేసరికే అయిపోయింది.

ఏమయిందని అడిగిన అందరికీ తాళ్ళక్క ఒకటే చెప్పింది, చెక్క విరిగిందని. అది అబద్ధం కాదు. అంతకుముందు తన నోట్లోంచి వచ్చిన ఆ రెండు మాటల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఏడుపు రాలేదు. వస్తుందిలే, ఇంకా దిమ్మెరపోయి ఉంది అన్నారు కొందరు. గుండె దిటవైన మనిషి అన్నారు మరికొందరు. ఏ మాటా ఆవిడకు తగల్లేదు. చెవుల్లోకి నీళ్ళు పోయినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉండేది. మనుషులు మాట్లాడేది వినబడుతుంది, కానీ ఎక్కడో గోడ అవతల నుంచి. పళ్ళు తోముకునేది, ఇల్లు ఊడ్చేది, గిన్నెలు కడిగేది. కడిగిన గిన్నెను మళ్ళీ కడిగేది. రాత్రిళ్ళు మంచం మీద కళ్ళు తెరుచుకునే ఉండేది. పక్కింటావిడ వచ్చి రెండు గంటలు కూర్చుని వెళ్ళాక, ఏం మాట్లాడిందో ఒక్క ముక్క కూడా గుర్తుండేది కాదు. ఎవరేమన్నా సరే అనేది. టీ తాగుతావా, సరే. కిటికీ వేయనా, సరే. ఆయన చొక్కాలు ఎవరికైనా ఇచ్చేద్దామా అని, వేరే కాపురం ఉండే మరిది వచ్చి అడిగినా సరే అన్నది. ఆ చొక్కాలు సంచుల్లోకి సర్దుతుంటే తానే మడతలు పెట్టి ఇచ్చింది, గుండీలు ఊడినవి పక్కన తీసి కుట్టి మరీ.

అత్త తెల్లారకముందే సంచీ పట్టుకుని మార్కెట్టుకు వెళ్ళేది, ఎండెక్కాక వచ్చేది. అంత నోరున్న మనిషి, ఇంట్లో నాలుగు మాటలకు మించి మాట్లాడటం లేదు. కొడుకు పోయిన తల్లి కదా అనుకున్నారు అందరూ. తాళ్ళక్క అదీ అనుకోలేదు.

బండి ఇంటి పక్క సందులో పట్టా కప్పుకుని ఐదు నెలలు నిలబడింది. మరిది బస్సు డిపోలో పనిచేస్తాడు, బస్సులు వచ్చిన వేళ, పోయిన వేళ రాసే ఉద్యోగం. ఒకరోజు వచ్చి, పాత బండ్లు కొని అద్దాల గదిలో పెట్టుకునే ఆయనొకడు ఉన్నాడని, ఈ బండి మీద మనసు పడ్డాడని చెప్పాడు. ఎలాగూ వదినకు నడపడం రాదు, కళ్ళ ముందు ఉండి ఉపయోగమేంటి, అమ్మేద్దామన్నాడు. తాళ్ళక్క సరే అన్నది.

పాతబండ్లాయన తెల్ల చొక్కాతో వచ్చి పట్టా తీయించాడు. బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. దీపాలను నిమిరాడు. తొట్టిలోకి తొంగిచూసి, వంగిన రేకును వేలితో ఎత్తి, కింద ఉన్న కన్నం చూశాడు. ఏం జరిగిందో మరిది దారిలోనే చెప్పినట్టున్నాడు, చెయ్యి వెంటనే తీసేశాడు. నేల మాత్రం పాత పద్ధతిలోనే, చెక్కతోనే మార్పించి ఇస్తే తీసుకుంటానన్నాడు. ఆ పని చేసేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడని ఆయనే చెప్పాడు.

ఆ ఒక్కడిని అందరూ అంగుళం బాబాయి అంటారు. వయసులో ఉన్నప్పుడు లారీ తొట్లు కట్టిన వడ్రంగి. ఇప్పుడు ఇంటి ముందు రేకుల షెడ్డులో కుర్చీలు, తలుపులు బాగుచేస్తుంటాడు. ప్రతిదీ అంగుళాల్లోనే చెబుతాడు. కూతురికి సంబంధం కుదిరినప్పుడు అల్లుడెలా ఉంటాడని అడిగితే, మనకంటే రెండంగుళాలు పొడవు, ఒకటిన్నర అంగుళం తెలివి తక్కువ అన్నాడట. ఆ అల్లుడే ఈ కథ అందరికీ చెప్పుకుని నవ్వుతుంటాడు.

మరిది బండిని డిపో మెకానిక్కు చేత స్టార్టు చేయించి షెడ్డులో దింపి వెళ్ళాడు. తాళ్ళక్క వెంట వెళ్ళింది, వెళ్ళమన్నారు కాబట్టి. బాబాయి తొట్టిలో పైనుంచి కిందిదాకా చూసి, సుత్తి పిడితో ఒక్కో చెక్కను కొట్టి విన్నాడు.

"నా మోకాళ్ళు వంగవమ్మా," అన్నాడు చివరికి. "నట్లన్నీ బండి కిందుంటాయి. ఎవరో ఒకరు కిందికి దూరాలి."

"సరే," అన్నది తాళ్ళక్క.

బాబాయి ఒక్క క్షణం ఆవిడ వంక చూశాడు. కూలి మనిషిని పెట్టుకుందామనే ఆ మాట అన్నాడు ఆయన. కానీ ఆవిడ అప్పటికే కొంగు నడుముకు బిగించుకుంటోంది. ఆయన ఒక గోనె పట్టా తెచ్చి బండి కింద పరిచాడు.

మొదటి రెండు రోజులూ నట్లకు నూనె పట్టించడమే పని. మూడోరోజు పానా పట్టుకుని తాళ్ళక్క కింద వెల్లకిలా పడుకుంది. బోల్టు తలలు గుండ్రంగా నున్నగా ఉంటాయి, కింద నట్టు తిప్పుతుంటే పైన బోల్టు కూడా తిరిగిపోతుంది. బాబాయి పైన తొట్టి అంచు మీద కూర్చుని దాన్ని పటకారుతో పట్టుకోవాలి. ఒకరికొకరు కనబడరు. ఆయన చెక్క మీద ఒకసారి కొడితే తిప్పమని, రెండుసార్లు కొడితే ఆపమని. గంటలకు గంటలు ఇద్దరి మధ్యా ఆ చప్పుడు తప్ప మాట ఉండేది కాదు. తుప్పు రజను మొహాన రాలేది. ఆవిడ కళ్ళు మూసుకుని తిప్పేది, తడిమి ఇంకో నట్టు వెతుక్కునేది. పనిలో ఆలోచన అక్కర్లేదు. అది బాగుంది అని కూడా అనిపించలేదు, పని అయ్యాక ఆ పూట ఎలా గడిచిందో తెలియలేదంతే.

సగానికి పైగా నట్లు మొండికేశాయి. వాటిని కోత మిషనుతో కోశారు. నిప్పురవ్వలు ఎగిరి ఆవిడ చేతి మీద పడితే బాబాయి మిషను ఆపేసి, కాలలేదా అని అడిగాడు. చూసుకుంటే నాలుగు చోట్ల ఎర్రగా కందింది. కాలినట్టుంది అన్నది ఆవిడ, ఎవరి చెయ్యో చూస్తున్నట్టు. ఆయన లోపలికెళ్ళి మందు తెచ్చి, తానే రాసి, పొడుగు చేతుల పాత చొక్కా ఒకటిచ్చి తొడుక్కోమన్నాడు.

చెక్కలు ఒక్కొక్కటీ లేపారు. బాబాయి ప్రతిదానికీ సుద్దముక్కతో అంకె వేసి గోడకు ఆనించాడు. కొత్తవి కోయడానికి అవే కొలత. ఒకటి, రెండు, మూడు తీశాక అవతలి వైపుకు వెళ్ళి ఎనిమిది, ఏడు, ఆరు, అయిదు తీయించాడు.  నాలుగోది ఒక్కటే మిగిలింది, కన్నంతో, రేకుతో. బాబాయి టీ తాగొస్తానని బయటికి వెళ్ళాడు. అంతకు ముందే తాగాడు ఆయన.

తాళ్ళక్క రేకు మేకులు పీకింది. చెక్కను రెండు చేతులతో ఎత్తితే రెండు ముక్కలై వచ్చింది. ఇంత తేలికా అనిపించింది. టీలో ముంచిన రొట్టెలా వేళ్ళకు నొక్కుకుపోతోంది. విరిగిన అంచు దగ్గర నల్లగా, లోపలెక్కడో లేత గోధుమరంగులో ఉంది. ఆవిడ ఆ రెండు ముక్కలనూ ఒకదాని పక్కన ఒకటి చేర్చి నేల మీద పెట్టింది. ఏదో అవుతుందేమోనని కాసేపు నిలబడింది. ఏమీ కాలేదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. సుద్దముక్క తీసుకుని రెండు ముక్కల మీదా నాలుగు అని రాసి గోడకు ఆనించింది.

చెక్కల కింద, అడ్డ దూలాల సందుల్లో, ఇన్నేళ్ళ చెత్త పేరుకుని ఉంది. బాబాయి వచ్చేసరికి ఆవిడ చీపురు పుల్లతో గీకుతోంది. గాజు గోళీలు, గుండీలు, దువ్వెన ముక్క, గడియారం ముల్లు, ఏ ఇంటిదో గూటి తాళంచెవి, చదరంగంలో గుర్రం ఒకటి. అన్నీ ఎవరెవరివో, ఇళ్ళు మారుతూ వదులుకున్నవి. ఆవిడ ఒక్కటొక్కటీ తుడిచి డబ్బాలో వేసింది. గుర్రాన్ని బాబాయి అడిగి తీసుకున్నాడు. తన దగ్గరున్న ఆటలో సరిగ్గా అదే తక్కువని, ఆరేళ్ళుగా దాని చోట మిరియపు గింజ పెట్టి ఆడుతున్నానని చెప్పాడు. తాళ్ళక్క పెదవి ఒక పక్కకు కదిలింది. నవ్వు కాదు గానీ, నవ్వు వచ్చే దారి అది.

కొత్త చెక్కకు బాబాయి దుకాణానికి వెళ్ళలేదు. ఎక్కడో పాత గోదాము పడగొడుతుంటే కొన్న దూలాలు షెడ్డు వెనక ఎండబెట్టి ఉన్నాయి. వందేళ్ళ కర్ర, ఇంక వంకర తిరగాల్సినదేదో అప్పుడే తిరిగేసింది అన్నాడు. కోతమిల్లులో పలకలు తీయించి తెచ్చి, చిత్రిక పట్టాడు. నలుపు పొర లేచిపోయి లోపలి నుంచి తేనె రంగు బయటపడింది. షెడ్డంతా వాసన. చెక్కలకు అవిసె నూనె పట్టించడం తాళ్ళక్క పని. పైన ఒక్కటే కాదు, అడుగున, అంచులకు, బోల్టు కన్నాల లోపల కూడా పట్టించాలన్నాడు.

"ఇది ఎవరికీ కనబడదు కదా బాబాయ్, అడుగున," అన్నది ఆవిడ. పది రోజుల్లో తనంత తానుగా అన్న మొదటి మాట అది.

"కుళ్ళు అడుగు నుంచే మొదలవుతుందమ్మా. పైకి కనబడేసరికి దాని పని అయిపోయి ఉంటుంది." అని, ఏమన్నాడో అప్పుడు తెలిసినట్టు ఆగాడు. సుత్తి తీసి, మళ్ళీ పెట్టేశాడు. "నేను చెక్క సంగతి చెప్పానమ్మా."

"నేనూ చెక్క సంగతే అడిగాను," అన్నది తాళ్ళక్క. గుడ్డ నూనెలో ముంచి ఇంకో చెక్క అందుకుంది.

బిగించడానికి నాలుగు రోజులు పట్టింది. చెక్కల మధ్య వేలి గోరంత సందు ఉంచాలి, వానకు ఉబ్బినప్పుడు అవి కదలడానికి. ఇనుప పట్టీలను రాకి, నల్లరంగు వేసి, మళ్ళీ పరిచారు. ఈసారి కింద తిప్పుతుంటే నట్లు గొంతు సవరించుకున్నట్టు కూడా శబ్దం చేయకుండా నున్నగా ఎక్కాయి. ఆఖరి నట్టు బిగించాక తాళ్ళక్క బయటికి రాలేదు. కింద పడుకుని, తలపైన ఉన్న కొత్త చెక్కల అడుగు చూస్తూ ఉంది. బాబాయి రెండుసార్లు కొట్టాడు, కాసేపాగి మళ్ళీ రెండుసార్లు కొట్టాడు. ఆవిడ పానాతో ఒకసారి తిరిగి కొట్టింది, ఇక్కడే ఉన్నానని. ఆయన ఇంక కదిలించలేదు.

పాత చెక్కలను బాబాయి ముక్కలు కోసి బస్తాలో వేసి ఇంటికి పంపాడు, పొయ్యిలోకి పనికొస్తాయని. పెరట్లో స్నానాల నీళ్ళు కాచుకునే కట్టెల పొయ్యి ఉంది వాళ్ళకు. మర్నాడు సాయంత్రం తాళ్ళక్క పెరట్లోకి వెళ్ళేసరికి అత్త చిన్న పీట మీద కూర్చుని మంట పెడుతోంది. పక్కన బస్తా. అత్త చేతిలో ఉన్న ముక్క మీద సుద్దతో నాలుగు అని ఉంది. అది తాళ్ళక్క రాతే.

అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పొయ్యిలో పెట్టింది. ఎండిపోయిన కర్ర, ఒక్కసారిగా అంటుకుంది.

తాళ్ళక్క గోడకు ఆనుకుని నిలబడింది. చెప్పాలని అనుకుని వచ్చింది కాదు. చెప్పకూడదని కూడా అనిపించలేదు. 

"అత్తా, ఆయన్ని వెనక్కి రమ్మన్నది నేనే."

అత్త ఇనుప ఊచతో నిప్పులు సర్దింది. "తెలుసు."

"ఎలా తెలుసు?"

"టీచరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉందట కదా. ఆస్పత్రి వరండాలో చెప్పింది. పాపం ఏదో నీ తప్పు అని కాదు, తనకే భయమేసి చెప్పింది. ఆవిడ బీరువా కదా."

ఐదు నెలలు దాటి ఇంకో నెల. తాళ్ళక్క ఆ నెలలన్నీ ఒకసారి వెనక్కి చూసుకుంది. "మరి నన్ను ఏమీ అడగలేదే?"

"అడిగితే ఏం చెప్తావు? లేదంటావా?" అత్త మంట వంకే చూస్తూ మాట్లాడింది. "మొదట్లో నీ మొహం చూడబుద్ధి కాలేదు నాకు. నిజం చెప్తున్నా. అందుకే పొద్దున్నే మార్కెట్టుకు పోయేదాన్ని. కొనడానికి ఏముంటుంది రోజూ? అక్కడి అరుగు మీద కూర్చుని వచ్చే పోయేవాళ్ళను చూసేదాన్ని. నీకు తెలిసుంటుంది అనుకున్నా."

"తెలియలేదు."

"అదీ చూశాను. నీకేమీ తెలియడం లేదని."

పొయ్యి మీద నీళ్ళు సన్నగా కూయడం మొదలుపెట్టాయి. తాళ్ళక్క వచ్చి అత్త పక్కన నేల మీద కూర్చుంది. 

"ఇప్పుడో?"

అత్త ఇంకో ముక్క అందుకుంది. దాని మీద ఏ అంకె ఉందో చూడకుండా పొయ్యిలో పెట్టింది. "ఇప్పుడు మార్కెట్టు దూరంగా అనిపిస్తోంది," అన్నది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "నీళ్ళు కాగాయి. పో, నూనె కంపు కొడుతున్నావు."

తాళ్ళక్క స్నానం చేసింది. అప్పుడు కూడా ఏడవలేదు. మామూలుగా కథల్లో ఆ పూట ఏడవాలి. ఆవిడ మాత్రం తల తుడుచుకుని వచ్చి, అత్త పెట్టింది తిని, పడుకుంది. తెల్లారి లేచేసరికి అత్త ఇంట్లోనే ఉంది. ఎదురింటి కోడలు బట్టలు ఆరేసే తీరు మీద గంటసేపు వ్యాఖ్యానం చేసింది. తాళ్ళక్కకు అందులో మూడు ముక్కలు గుర్తున్నాయి.

ఆ వారం పాతబండ్లాయన షెడ్డుకు వచ్చాడు. మరిది కూడా వచ్చాడు. కొత్త నేల చూడగానే ఆయన తొట్టిలోకి వంగాడు. అరచేతితో చెక్కను ఈ చివర నుంచి ఆ చివరదాకా నిమిరాడు. బాబాయి చేతులు పట్టుకుని ఊపాడు. ఈ బండిని అద్దాల గదిలో సరిగ్గా నడిమధ్య నిలబెడతానన్నాడు. మంచి మనిషే, మాటలో కల్మషం లేదు.

"ఇంక దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను. ఇంత పనితనం మీద ఒక్కరు కాలు పెట్టకుండా చూసుకుంటాను, మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాడు తాళ్ళక్కతో.

"అయితే ఇవ్వను," అన్నది తాళ్ళక్క.

ముగ్గురు మగవాళ్ళూ ఆవిడ వంక తిరిగారు. ఆవిడ కూడా, ఆ మాట ఎవరన్నారా అన్నట్టు ఒక క్షణం చూసింది. కోపం లేదు, పట్టుదల లేదు, బల్ల మీద గ్లాసు పెట్టినంత మామూలుగా వచ్చింది ఆ మాట. పాతబండ్లాయన బతిమాలాడు, తర్వాత సర్దుకున్నాడు. మరిది వదినను పక్కకు పిలిచి, నడపడం రాదు కదా, ఏం చేస్తావు అని అడిగాడు.

"నీకు వచ్చు కదా," అన్నది.

 అన్న పోయినప్పటి నుంచి ఆవిడ తనను ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. డిపోలో సెలవు రోజుల్లో మాత్రమే వస్తానన్నాడు మరిది. వారానికి ఒకటిన్నర రోజు. బాబాయి పక్కనుంచి, రోజు కూడా అంగుళాల్లో కొలవచ్చన్నమాట అన్నాడు.

మొదటి బేరం ఒక టైలరమ్మది. దుకాణం రెండు వీధుల అవతలికి మార్చుకుంటోంది. ఆరు కుట్టుమిషన్లు, కత్తిరింపుల బల్ల, బట్టలు తొడిగి నిలబెట్టే బొమ్మలు రెండు. మరిది ఎత్తగలడు గానీ సర్దడం తెలియదు. ఏది ముందు, ఏది తర్వాత, దేన్ని దేనికి ఆనించాలి, అన్నీ చెప్పాలి. తాళ్ళక్క తొట్టిలోకి ఎక్కింది. చెప్పుల కింద చెక్క గట్టిగా, బదులు పలికినట్టు మోగింది. మొదటి మిషను అందుకుంటూ వెనక్కి అడుగేసేటప్పుడు కాలు దానంతటదే ఆగింది. కింద నుంచి మరిది చూస్తున్నాడు. చేతులు నొప్పి పెడుతున్నా అలాగే మోస్తూ నిలబడ్డాడు. ఆవిడ మెడ తిప్పి వెనక నేల చూసుకుంది. తర్వాత అడుగు వేసింది. ఆ తర్వాత మిషనుకు కూడా మెడ తిప్పి చూసుకుంది. ఆరింటికీ అంతే. ఇప్పటికీ అంతే, చూసుకోకుండా వెనక్కి వేయదు, ఎంత ఆలస్యమైనా.

బల్లను తలకిందులు చేసి బొమ్మలను దాని కాళ్ళ మధ్య పడుకోబెట్టి తాడు వేసింది. ముడి మొదటిసారి సరిగా పడలేదు. వేళ్ళు మరిచిపోయాయి. విప్పి మళ్ళీ వేసింది. టైలరమ్మ పక్కన నిలబడి, పదిహేనేళ్ళ దుకాణమండీ, ఖాళీ గోడలు చూడలేకపోతున్నానంటూ కళ్ళొత్తుకుంది. ఇలాంటప్పుడు మాట్లాడే మనిషి వేరే ఉండేవాడు.  తాళ్ళక్క తాడు కొస పళ్ళతో బిగించి లాగి, కొత్త చోట వెలుతురు ఎటు నుంచి వస్తుందని అడిగింది. తూర్పు నుంచి అన్నది టైలరమ్మ. అయితే మిషన్లు ఆ కిటికీ కిందే వేద్దాం, దారం ఎక్కించుకోవడానికి బాగుంటుంది అన్నది తాళ్ళక్క. టైలరమ్మ కళ్ళు తుడుచుకుని, ఏ మిషను ఏ వరసలో ఉండాలో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడంలో పడింది.

అన్నీ దింపి సర్దేసరికి మధ్యాహ్నం దాటింది. తిరిగి వచ్చేటప్పుడు మరిది నడుపుతున్నాడు. డిపోలో కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు గురించి ఏదో చెబుతూ, బదులు రాకపోతే పక్కకు చూశాడు. తాళ్ళక్క తల కిటికీకి ఆనించి, నోరు కొద్దిగా తెరుచుకుని, నిద్రపోతోంది. ఎండ సూటిగా మొహాన పడుతోంది, అయినా కదలడం లేదు. ఇంటి ముందు బండి ఆపాడు. ఇంజను ఆగితే లేస్తుందేమోనని కాసేపు ఆపకుండా అలాగే ఉంచాడు. పెట్రోలు గుర్తొచ్చి ఆపాడు. ఆవిడ లేవలేదు.

అత్త గుమ్మంలోకి వచ్చి, దిగరేంటి అని అడిగింది. మరిది వేలితో పక్కకు చూపించాడు. అత్త దగ్గరికొచ్చి కిటికీలోంచి కోడలి మొహం చూసింది, కాస్త ఎక్కువసేపే. తర్వాత లోపలికెళ్ళి దుప్పటి ఒకటి తెచ్చి, ఎండ పడకుండా కిటికీ అద్దానికి అడ్డంగా వేసి, అంచు తలుపు సందులో ఇరికించింది.

"ఉండనీ. నువ్వు రా, తిందువుగాని," అన్నది చిన్నకొడుకుతో.